ప్రతిధ్వని జల్లెడ

నీళ్ళు నిండిన పాత రాతి క్వారీ అది. నాలుగు వైపులా నిలువునా కోసిన గోడలు. ఎండ పైన గట్టు మీదే ఆగిపోతుంది. మధ్యాహ్నం వాలిందంటే చాలు, కింద నీళ్ళ మీద అప్పుడే పొద్దుగూకినట్టుంటుంది. ఆ నీళ్ళ నడుమ ఇనుప పీపాల మీద చెక్కలు పరిచి కట్టిన తెప్ప. తెప్ప మీద ఒక రేకుల గది. గట్టు నుంచి అక్కడికి ఊగుతూ ఉండే చెక్కదారి.

ఆ గదిలో కూర్చుని ఇంజనీరమ్మ తీగలు బిగిస్తోంది. బల్ల మీద ఆమె తయారుచేసిన మోడెం పెట్టె, దాని పక్కన తెర, ఆ పక్కన గాజు గ్లాసులో టీ. రేపు కంపెనీ పెద్దాయన వస్తాడు. ఆయన చూసి సరేనంటే ఈ పెట్టె నీళ్ళ అడుగున పనిచేసే డైవర్లందరికీ వెళుతుంది. ఈ రోజు జరిగేది ఆఖరి పరీక్ష.

నీళ్ళ కింద రేడియో పనికిరాదు. కాస్త లోతుకు వెళ్ళేసరికే చచ్చిపోతుంది. నీళ్ళలో దూరం పోగలిగేది శబ్దం ఒక్కటే. అందుకని మోడెం మాటల్నీ బొమ్మల్నీ సన్నని కిచకిచలుగా మార్చి నీళ్ళలోకి వదులుతుంది. అవతలి పెట్టె వాటిని విని మళ్ళీ మాటలుగా మారుస్తుంది. చిక్కంతా ప్రతిధ్వనితోనే. డైవరు ఒక్కసారి పలికితే నాలుగు గోడలూ తలా ఒకసారి పలుకుతాయి. పాత మోడెంలు ఆ గోల అణిగేదాకా ఆగి, అప్పుడు తర్వాతి అక్షరం పంపేవి. నత్తనడక. ఇంజనీరమ్మ ఆ ఆగడాన్ని మాన్పించింది. దానికి బదులు పెట్టెలో ఒక జల్లెడ పెట్టింది. ఒక డైవరు నుంచి ఒకసారి వచ్చిన మాటే మళ్ళీ వచ్చిందంటే అది ప్రతిధ్వని. దాన్ని పారెయ్యాలి, తెర మీదికి రానివ్వకూడదు. అలా పారేసినప్పుడల్లా పెట్టె మీద చిన్న ఎర్రదీపం మిణుక్కుమంటుంది.

ఆ జల్లెడతో వేగం ఎక్కడికో పోయింది. డైవరు నుదుటి మీది కెమెరా చూసేదంతా కదిలే బొమ్మగా పైకి వచ్చేస్తోంది. పెద్దాయన అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు.

ఆ పెట్టెను మొదట నీళ్ళలోకి తీసుకెళ్ళింది ఆమె అన్నయ్యే. డైవర్లలో చెయ్యి తిరిగినవాడు. రబ్బరు వాసన గిట్టక నోట్లో ఎప్పుడూ ఒక లవంగం వేసుకునేవాడు. "మా చెల్లెలు పిచ్చుకల్ని పెంచుతోంది, వాటి కిచకిచలు వినడానికి నేను మునగాలి" అని నవ్వేవాడు. పోయిన ఏడాది ఇదే క్వారీలో, ఇదే తెప్ప మీది నుంచి దిగి, మళ్ళీ ఎక్కలేదు. అడుగున వదిలేసిన పాత క్రేను ఉంది. దాని తీగల్లో కాలు ఇరుక్కుంది. సీసాలో గాలి అయిపోయింది. శవం మర్నాడు దొరికింది. మాటలు పంపడానికి మణికట్టుకు ఉండే మీటల పెట్టె మాత్రం పట్టీ తెగి పోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ రోజు తెర మీదికి ఏ మాటా రాలేదు. విచారణలోనూ ఇంజనీరమ్మ అదే చెప్పింది. అది నిజమే. చూసింది చూసినట్టు చెప్పింది.

వదిన మాత్రం ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వదల్లేదు. రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. "మీ అన్నయ్య చివర్లో ఏమైనా అన్నాడా?" అంటుంది. "ఏమీ అనలేదు వదినా" అంటే, "సరేనమ్మా" అని పెట్టేస్తుంది. మర్నాడు మళ్ళీ అదే. మొదట్లో ఇంజనీరమ్మ ఓర్చుకుంది. తర్వాత విసుక్కుంది. ఈ మధ్య ఫోను ఎత్తడమే మానేసింది. వదిన మతి సరిగ్గా లేదని తనకు తాను సర్దిచెప్పుకుంది.

"ఇంజనీరమ్మా, వీణ్ణి దించేదా?" బయట నుంచి సరంగు కేకేశాడు. తెప్పను చూసుకునే ముసలాయన్ని అందరూ సరంగు అనే పిలుస్తారు.

"ఒక్క నిమిషం బాబాయ్."

డైవరు కాళ్ళకు రెక్కలు తొడుక్కుని తెప్ప అంచున నిలబడి ఉన్నాడు. బొద్దుగా ఉంటాడు. అన్నయ్యే వాడికి బుడగ అని పేరు పెట్టాడు. వాడు అటు అంచుకు నడిచేసరికి తెప్ప అటు వాలింది. గ్లాసులో టీ కూడా ఏటవాలుగా నిలిచింది.

"మెల్లగా నడవరా నాయనా," అన్నాడు సరంగు. "నువ్వు నీళ్ళలోకి దిగకముందే మమ్మల్ని దింపేలా ఉన్నావు."

"నీకేం మామా, ఎండు పుల్లవి. తెప్ప మునిగినా తేలతావు."

సరంగు వాడి నడుముకు తాడు కొక్కెం తగిలించాడు. రెండుసార్లు గుంజి చూశాడు. రెండో కొసను అరచేతికి చుట్టుకున్నాడు. తాడుకూ ఒక భాష ఉంది. ఒక గుంజు గుంజితే బాగున్నానని. ఆగకుండా గుంజితే పైకి లాగమని. పోయిన ఏడాది ఆ రోజు సరంగు తాడును చేత్తో పట్టుకోలేదు. పెట్టె ఉండగా తాడెందుకని తెప్ప మీది ఇనుప రింగుకు కట్టేసి కూర్చున్నాడు. ఎవరూ తప్పనలేదు. ఇంజనీరమ్మ కూడా నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత ముసలాయన తాడును రింగుకు కట్టడం ఎవరూ చూడలేదు.

"అక్కా, రేపు పెద్దాయన ముందు నా పేరు చెప్పాలి," అన్నాడు బుడగ.

"నీ పేరు ఎవరికి తెలుసురా? బుడగ అనే చెబుతా."

వాడు నవ్వి, గాలి గొట్టం నోట్లో పెట్టుకుని, వెనక్కి వాలి నీళ్ళలో పడ్డాడు. తెప్ప సరిగ్గా నిలబడింది. టీ కూడా.

కాసేపు అంతా బాగానే సాగింది. తెర మీద క్వారీ అడుగు కదులుతోంది. బూడిదరంగు రాళ్ళు, పాచి పట్టిన మెట్లు, దూరంగా నల్లగా క్రేను. వాడి చేతి పెట్టెకు మూడే మీటలు. బాగున్నాను. ఆగు. లాగు. "ఐదో నంబరు: బాగున్నాను" అని తెర మీద పడింది. దాని వెనకే ఎర్రదీపం నాలుగైదుసార్లు మిణుకుమంది. గోడల ప్రతిధ్వని. జల్లెడ పారేసింది. అంతా అనుకున్నట్టే ఉంది.

ఇంతలో ఫోను మోగింది. వదిన. ఇంజనీరమ్మ దాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

అప్పుడు గమనించింది. ఎర్రదీపం ఇంకా మిణుకుతోంది.

తెర మీద కొత్త మాట ఏదీ లేదు. పలికేవాడు లేకుండా ప్రతిధ్వని ఎక్కడిది? దీపం ఆగింది. మళ్ళీ మిణుకుమంది. ఆగింది. మళ్ళీ... ఒక వరస ఉంది దానికి. ఎవరో ఒకే మీటను నొక్కి, ఎదురుచూసి, మళ్ళీ నొక్కుతున్నట్టు.

బయట గాలి లేదు. నీళ్ళు పీపాల కింద చప్పరిస్తున్నట్టు చిన్న చప్పుడు చేస్తున్నాయి. తడిసిన రాతి వాసన, తుప్పు వాసన. గోడల నీడ తెప్ప మీదికి పాకింది. గదిలో దీపం వెయ్యలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. వెయ్యాలనిపించలేదు. ఆ ఎర్ర మిణుకు మీది నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది.

రేపు పెద్దాయన ముందు ఇలా జరిగితే పరువు పోతుంది. లోపం ఎక్కడుందో ఇప్పుడే తేలాలి. ఆమె జల్లెడను ఆపేసింది. ఏమేం పారేస్తోందో కళ్ళారా చూద్దామనుకుంది.

తెర నిండిపోయింది.

రెండో నంబరు: లాగు.
రెండో నంబరు: లాగు.
రెండో నంబరు: లాగు.

రెండో నంబరు అన్నయ్య చేతి పెట్టె. అందులో బ్యాటరీ ఒక వారం కూడా బతకదు. ఏడాది దాటింది.

జల్లెడను మళ్ళీ పెట్టింది. తెర ఖాళీ. ఎర్రదీపం మిణుకుతోంది. తీసింది. లాగు. లాగు. లాగు...

ప్రతి మాటకూ ముందు పంపినవాడి నంబరూ, ఏ మీట నొక్కాడో ఆ గుర్తూ వస్తాయి, వెనక మాట వస్తుంది. బొమ్మలు జోరుగా వస్తున్నప్పుడు ఆ ఒత్తిడిలో మాట చెదిరిపోవచ్చు. ఆ ముందు భాగం మాత్రమే వినబడుతుంది, తెర మీదికి ఏమీ రాదు. అయినా జల్లెడ దాన్ని విన్నట్టే గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత అదే మనిషి అదే మాట ఎన్నిసార్లు పంపినా, అది ప్రతిధ్వనే. పారెయ్. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆమెకు తట్టలేదు. ప్రశాంతంగా ఒకసారి నొక్కి చూసిన పరీక్షల్లో అది బయటపడదు. ప్రాణం పోయేవాడు ఒక్కసారి నొక్కి ఊరుకోడు. నొక్కుతూనే ఉంటాడు.

ఒకసారి అడిగినవాడి మాట మనుషులు వింటారు. పదేపదే అడిగేవాణ్ణి విసుక్కుంటారు. మనిషిలో ఉన్న ఈ పాడు గుణాన్నే ఆమె యంత్రానికి నేర్పింది. యంత్రం బుద్ధిగా నేర్చుకుంది.

అన్నయ్య పిలిచాడు.

ఆ వరసల మధ్య అప్పుడు కనబడింది ఇంకో వరస.

ఐదో నంబరు: లాగు.

"బాబాయ్!" ఆమె గొంతు చీరుకుపోయింది. "లాగు! బుడగను లాగు!"

"ఏమైందమ్మా? వాడు తాడు గుంజలేదే!"

"లాగు ముందు!"

సరంగు లాగాడు. తాడు కదల్లేదు. కాళ్ళు రింగుకు తన్నిపెట్టి బలమంతా వేశాడు. ఆమె బయటికి ఉరికి తాడు పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు. ఎక్కడో అడుగున ఇనుము మూలిగింది. తాడు ఒక్కసారి వదులై, మళ్ళీ బిగిసింది. ఇప్పుడు కదులుతోంది. బరువుగా, మెల్లగా.

"వస్తున్నాడు," అన్నాడు సరంగు రొప్పుతూ. "వస్తున్నాడమ్మా, ఏడవకు."

వెనకవైపు నీళ్ళు భళ్ళుమన్నాయి.

ఇద్దరూ తిరిగి చూశారు. తెప్పకు అటువైపున లంగరు గొలుసును కావలించుకుని బుడగ వేలాడుతున్నాడు. నోట్లో గొట్టం ఊడబీకి దగ్గుతున్నాడు. నిచ్చెన పట్టుకుని ఎలాగో పైకి వచ్చి చెక్కల మీద బోర్లా పడ్డాడు. తెప్ప వాలింది. గదిలో గ్లాసు టక్కుమంది.

"ఎన్నిసార్లు నొక్కానక్కా..." వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. "తాడు క్రేనుకు చుట్టుకుంది. గుంజితే పైకి అందట్లేదు. లాగు లాగు అని నొక్కుతూనే ఉన్నా. ఒక్కరూ పలకరేం? కొక్కెం విప్పుకుని గొలుసు పట్టుకుని వచ్చేశా."

"కొక్కెం విప్పేశావా?" సరంగు గొంతు తగ్గిపోయింది.

"విప్పకపోతే అక్కడే ఉండేవాణ్ణి మామా."

సరంగు తన చేతుల్లోకి చూసుకున్నాడు. తాడు బిగుతుగానే ఉంది. నిలువుగా నల్లని నీళ్ళలోకి దిగి ఉంది.

తాడు గుంజింది.

ఆగింది. మళ్ళీ గుంజింది. మళ్ళీ... ఆగకుండా.

"చేప అయ్యుంటుంది," అన్నాడు బుడగ. ఈ క్వారీలో వేలెడంత చేప కూడా లేదని వాడికీ తెలుసు.

"వదిలేద్దామా తల్లీ?" సరంగు గుసగుసగా అడిగాడు. ముసలాయన బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. "నా చేతులు ఆగట్లేదు. వదిలేద్దామా?"

"వద్దు."

"పైకి వస్తే ఏం చేద్దామక్కా?" అన్నాడు బుడగ.

ఆమె తాడు పట్టుకుంది. "ఈసారి వదలొద్దు బాబాయ్. లాగు."

లాగారు. అరచేతులు మండాయి. తడి తాడు చుట్టలు చుట్టలుగా చెక్కల మీద పడుతోంది. నీళ్ళు అడుగు నుంచి కలకబారి పైకి పొంగాయి. పాచి వాసన. తుప్పు వాసన. వాటితో పాటు... సన్నగా, ఘాటుగా... లవంగం వాసన.

బుడగ వెనక్కి వెనక్కి జరిగి గది గోడకు ఆనుకున్నాడు. వాడికీ ఆ వాసన తెలుసు.

బరువు నీటి మట్టానికి కొంచెం కిందిదాకా వచ్చింది. ఏమీ కనబడలేదు. నలుపు. ఆ నలుపులో ఇంకాస్త నలుపు. ఇంకొక్క లాగు...

తాడు తేలికైపోయింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఉత్త కొక్కెం ఎగిరి వచ్చి చెక్కల మీద గణగణమని దొర్లింది. దానికి ఏమీ లేదు. పాచి కూడా లేదు.

చాలాసేపటి తర్వాత సరంగు లేచి, బుడగ మీద దుప్పటి కప్పాడు. గట్టు మీది గదిలో పొయ్యి ఉంది, అక్కడికి పోదామన్నాడు. "నువ్వూ రామ్మా."

"మీరు వెళ్ళండి. ఈ పెట్టె కట్టేసి వస్తా."

వాళ్ళు చెక్కదారి మీదుగా వెళ్ళిపోయారు. ఊగే చెక్కల చప్పుడు ఆగిపోయింది. ఆమె నీళ్ళలో వేలాడుతున్న పెట్టె చెవిని పైకి లాగింది. నీళ్ళలోని కిచకిచలు వినే నల్లటి గుండు అది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. కింద చిన్న మడుగు కట్టింది. గదిలో దీపం వేసింది. తెర ఖాళీగా ఉంది. జల్లెడ తీసేసే ఉంది. మళ్ళీ పెట్టదు. రేపు పెద్దాయనకు చెప్పేస్తుంది. ఇది ఎవరి చేతికీ వెళ్ళకూడదు. ఏళ్ళ తరబడి చేసిన పని పోతే పోతుంది.

ఫోను మోగింది.

ఈసారి ఎత్తింది. "వదినా."

ఎత్తుతుందని వదిన అనుకోలేదు కాబోలు. "నువ్వేనా? విసుక్కోకమ్మా. అదే అడుగుదామని... మీ అన్నయ్య ఆ రోజు ఏమైనా..."

"పిలిచాడు వదినా."

వదిన ఊపిరి వినబడుతోంది.

"పైకి లాగమన్నాడు. ఆగకుండా అడిగాడు. నా పెట్టెకు వినబడింది. వినొద్దని దానికి నేనే చెప్పిపెట్టాను. తెలియక చేశాను. కానీ చేసింది నేనే."

"ఎన్నిసార్లు అడిగాడు?"

"లెక్క తెలియదు. చాలాసార్లు."

"నేను నిన్ను అడిగినన్నిసార్లా?"

ఇంజనీరమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"తిట్టడానికి అనలేదమ్మా," అంది వదిన మెల్లగా. "ఆ రోజు పొద్దున ఆయనతో పోట్లాడాను. 'నువ్వు ఇంటికి రాకపోయినా నాకొకటే' అన్నాను. నోటికొచ్చింది అనేశాను. ఆ మాట మనసులో పెట్టుకుని పిలవకుండా ఊరుకున్నాడేమోనని... ఏడాదిగా నాకదే. పిలిచాడు కదా? రావాలనే అనుకున్నాడు కదా?"

"రావాలనే అనుకున్నాడు వదినా."

వదిన ఏడ్చింది. ఈ ఏడాదిలో ఆమె ఏడవడం ఇంజనీరమ్మ వినడం అదే మొదలు. ఏడుస్తూనే ఫోను పెట్టేసింది.

ఇంజనీరమ్మ కళ్ళు తుడుచుకుని పెట్టె ఆపబోయింది.

తెర మీద ఒక మాట ఉంది.

రెండో నంబరు: బాగున్నాను.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎదురుచూసింది. ఈ క్వారీలో ఎవరు ఏ మాట పలికినా గోడలు ఊరుకోవు. జల్లెడ లేనప్పుడు ప్రతి మాటా నాలుగైదుసార్లు పడి తీరాలి. రెండోసారి కోసం చూసింది. మూడోసారి కోసం చూసింది.

రాలేదు. ఆ మాట ఒక్కసారే ఉంది.

వినే చెవి బల్ల మీద ఉంది. నీళ్ళకు దూరంగా, పొడిబారుతూ.

ఆమె తల తిప్పలేదు. తిప్పకుండానే గ్లాసు వైపు చూసింది. చల్లారిపోయిన టీ నిచ్చెన వైపుకు వాలి ఉంది. తెప్ప మీద తను తప్ప ఎవరూ లేరు.

చూస్తుండగానే టీ మెల్లగా కదిలింది. నిచ్చెన వైపు నుంచి తలుపు వైపుకు వాలింది. అక్కడ ఆగింది. మళ్ళీ సమంగా నిలబడలేదు.